వదిన గుర్తుపట్టిన మనిషి

మరూఫసికలో చర్చి వెనక, అరటాకులు కప్పి పడుకోబెట్టిన శవాన్ని చూసి మా వదిన "అవును, ఈయనే" అంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ ఊరి పెద్ద చేతిలో నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

"బాగా చూడమ్మా. తొందరేం లేదు."

"చూశాను. మా ఆయనే."

"ఏ చొక్కా వేసుకుని వెళ్ళాడో గుర్తుందా?"

"లేదు."

ఆయన మా అన్నయ్య పేరు రాసుకున్నాడు. మారులాహి, వయసు ముప్పై మూడు, ఊరు అంబలాఫారి. వదినచేత వేలిముద్ర వేయించుకుని, సిరా తుడుచుకోమని అరటాకు ముక్క చేతికిచ్చాడు.

ఆ శవం మా అన్నయ్యది కాదు. ఆ సంగతి వదినకు అప్పుడే తెలుసు. కాసేపటికి నాకూ తెలిసింది.

మా ఊరు సముద్రానికీ కాలువకూ మధ్య ఇసుకలో ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మేం ఏ పని తలపెట్టినా "తుఫాన్లు అయ్యాక" అంటాం. పిల్లకు పెళ్ళి చేసేదీ, మాటల్లేనివాళ్ళతో రాజీపడేదీ, అన్నీ తుఫాన్లు అయ్యాకే. ఆ ఏడాది మమ్మల్ని తాకిన మొదటి తుఫాను జనవరి చివర్లో వచ్చింది. దాని పేరు దెలీస్ అని రేడియోలో చెప్పారు. చెప్పిన రోజే ఊరి ఆఫీసు ముందు పచ్చ జెండా ఎగరేశారు. మర్నాడు పసుపుది. గురువారం పొద్దున ఎర్రది.

అన్నయ్య దోనె నది సముద్రంలో కలిసేచోట కట్టేసి ఉంది. దాన్ని కాలువలోకి లాక్కొస్తానని లేచాడు.

"పోతే పోనీరా, దోనె కదా," అంది మా అమ్మ.

"అన్నం వార్చేలోపు వచ్చేస్తానమ్మా. నువ్వా మాటలో ఉండగానే వచ్చేస్తాను."

వదిన నిచ్చెన మీద నిలబడి ఇంటి కప్పు మీద ఇసుక బస్తాలు సర్దుతోంది. అన్నయ్య కిందనుంచి ఆమె కాలు పట్టి లాగి నవ్వాడు. ఆమె తిరిగి చూడలేదు, పని మధ్యలో ఉంది. తరవాత ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పేది. "నేను వెళ్ళమనలేదు. వద్దనీ అనలేదు."

మధ్యాహ్నానికి గాలి మొదలై సాయంత్రం దాకా కొట్టింది. మర్నాడు చూస్తే దోనె ఒక సీమపనస చెట్టు పైకొమ్మల్లో ఇరుక్కుని ఉంది. ఎక్కడా చిన్న పగులైనా లేదు. అన్నయ్య మాత్రం లేడు.

తొమ్మిది రోజులు వెతికాం. ఒడ్డు పొడవునా ఉత్తరానికి ఒకళ్ళు, దక్షిణానికి ఒకళ్ళు వెళ్ళారు. ఇంట్లో ఆడవాళ్ళు చేరి శోకాలు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టాలి కాబట్టి పెట్టాను, గొంతు దానంతటదే లేచింది. లోపల ఏమీ కదల్లేదు. అయితే నా సంగతి ఎవరికీ తెలియదు, బయటికి ఏడుస్తున్నాను కదా. వదిన ఏడవలేదు. వచ్చినవాళ్ళకు చాపలు పరిచింది, నీళ్ళిచ్చింది, పిల్లల ముక్కులు తుడిచింది. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు అచ్చంగా అనుకరించి మా అందర్నీ నవ్వించిన మనిషి ఆవిడ. ఇప్పుడు అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేది.

గుంతల పెనం మీద బియ్యప్పిండి రొట్టెలు వేసి అమ్మే జోస్లీన్ ఊరికి నోరు లాంటిది. మా గుమ్మంలో కూర్చునే అంది. "నాలుగేళ్ళు కాపురం చేసింది, ఒక్క చుక్కైనా రాల్చదేమే జర్మేన్, మీ వదిన? ఉప్పూకారం తినడం లేదా ఏంటి?"

"మెల్లగా అను, వింటుంది."

"వినాలనే అంటున్నా."

వదిన విన్నది. ఆమె ముందు నీళ్ళచెంబు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మా అమ్మ అన్నం మానేసింది. మాడిన అన్నం గిన్నెలో మరగబెట్టిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదు. "నా కొడుకు వాళ్ళ నాన్న పక్కన పడుకునేదాకా నాకు అన్నం పెట్టకండి," అనేది. మా పెదనాన్న ఎర్రమొన కర్ర పట్టుకునే కుటుంబ పెద్ద. చనిపోయినవాళ్ళతో మా తరఫున మాట్లాడేది ఆయనే. అమ్మ మంచం పక్కన కూర్చుని నచ్చజెప్పాడు.

"మనిషి దొరక్కపోతే వాడి పేర రాయి నిలబెడదాం మరదలా. మన వంశంలో ఇదేం కొత్త కాదు. కాకపోతే సెప్టెంబరు దాకా ఆగాలి."

"అప్పటిదాకా నేనుంటానా బావా?"

ఆయన కర్ర మొన చూస్తూ కూర్చున్నాడు.

పదో రోజు పొద్దున లవంగాల పడవవాడు కబురు తెచ్చాడు. దక్షిణాన మరూఫసిక దగ్గర మడ చెట్లలో మగమనిషి శవం కొట్టుకొచ్చిందట. వదిన, నేను, మా ఆయన దోనె మీద బయల్దేరాం. కాలువ నిండా పడిన చెట్లు, గుర్రపుడెక్క. మా ఆయన కత్తితో దారి చేసుకుంటూ పోయాడు. దారి పొడుగునా వదిన చేటంత డబ్బాతో దోనెలోకి ఊరే నీళ్ళు తోడి పోస్తూనే ఉంది. నీళ్ళు లేనప్పుడు కూడా డబ్బా ముంచి లేపుతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆపితే ఆగింది.

ముఖం మిగల్లేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పను. పొడవు సుమారుగా అన్నయ్య పొడవే. ఒంటి మీద నీలం గుడ్డ చొక్కా, దాని మీద పసుపు పిట్టల బొమ్మలు. అలాంటిది మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. అయినా మగవాళ్ళు ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు వేసుకుంటూనే ఉంటారు కదా అనుకున్నాను. ఆ ఊరివాళ్ళిచ్చిన పెట్టెలోకి ఎత్తేటప్పుడు తల వెనక్కి వాలి పళ్ళు కనిపించాయి. పైవరస మొత్తం ఉంది, ఒక్కటి కూడా విరగలేదు. మా అన్నయ్య ముందుపన్ను సగమే. ఎనిమిదేళ్ళప్పుడు కొబ్బరికాయ నోటితో ఒలుస్తానని పందెం కాసి విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

మూత ఒక కొస వదిన పట్టుకుంది, ఇంకో కొస నేను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. తరవాత మూత పెట్టాం. మా ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని అటు తిరిగి ఉన్నాడు, అతనికేమీ తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పెట్టె దోనె మధ్యలో ఉంది. మా ఆయన ముందు కూర్చుని గెడ వేస్తున్నాడు. మేమిద్దరం వెనక.

"వదినా."

"ఊఁ."

"పళ్ళు చూశావా?"

"చూశాను."

తరవాత తనే అంది, గొంతు పెంచకుండా.

"నాకు ఓపిక లేదు జర్మేన్. కాదంటే ఇంకో ఊరు వెళ్ళాలి. ఇంకో శవాన్ని చూడాలి. ఆ తరవాత ఇంకోటి. మీ అమ్మ అక్కడ అన్నం తినకుండా పడుకుంది. ఇతను ఇక్కడ ఎవరూ లేకుండా పడున్నాడు. నాకు ఇంతకన్నా ఏం తట్టలేదు."

"ఊళ్ళోవాళ్ళకు తెలిస్తే?"

"చెప్పాలనిపిస్తే చెప్పు. నేను నిన్నేమీ అనను."

నేను చెప్పలేదు. అమ్మ కోసమే చెప్పలేదని చాలా కాలం అనుకున్నాను. నిజానికి నాకూ ఓపిక లేదు, అంతే.

మా వంశంవాళ్ళ చోటు ఊరికి ఉత్తరాన అడవిలో ఉంది. చుట్టూ కర్రల దడి, లోపల చిన్న కప్పు కింద వరసగా పెట్టెలు. పెదనాన్న చెరకు సారా నేల మీద పోసి, అందర్నీ పేరుపేరునా పిలిచి, "మీ మనవడు మారులాహి వచ్చాడు. నీళ్ళలో తడిసి వచ్చాడు. చోటివ్వండి, కోప్పడకండి," అన్నాడు. ఊరంతా శోకం పెట్టింది. పెట్టెను మా నాన్న పెట్టె పక్కన పెట్టారు. నేను కాళ్ళకింది చీమల్ని చూస్తూ నిలబడ్డాను. ఆ పెట్టెలో ఉన్నవాడి పేరేమిటో అని ఒక్కసారి అనిపించింది, అంతకుమించి ఏమీ అనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం తింది. కర్రపెండలం ఆకుల కూరతో రెండు ముద్దలు తిని, మూడోది పెట్టమంది. "ఉప్పు తక్కువైంది వావిసువా," అంది వదినతో. వదిన ఉప్పు తెచ్చి వేసింది.

అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టింది. పెరట్లో కోళ్ళను తిడుతుంటే విని చుట్టుపక్కలవాళ్ళు సంతోషించారు. వదిన మాత్రం అలాగే ఉంది. వంట చేసేది, దంచేది, చాపలు అల్లేది. పిలిస్తే పలికేది. ఒకరోజు పొయ్యిలో కట్టె ఎగదోస్తూ చెయ్యి కాల్చుకుంది. నేను చూసి అరిస్తే అప్పుడు వెనక్కి తీసుకుంది. "కాలిందా?" అని నన్నే అడిగింది.

మార్చిలో రెండోది వచ్చింది. రేడియోలో దాని పేరు జోస్లీన్ అనగానే ఊరంతా రొట్టెల జోస్లీన్ మీద పడింది.

"ఏమే జోస్లీన్, మా మీద అంత కోపమేంటే? అప్పుడెప్పుడో పిండి పులిసిందన్నాననా?"

"నువ్వొస్తున్నావని అప్పుడే పసుపు జెండా ఎక్కించారు. ఎర్రజెండా ఎక్కించేలోపు నాకో నాలుగు రొట్టెలు పెట్టెయ్."

"ఎగిరేది మొట్టమొదట నీ ఇంటి కప్పేరా," అని జోస్లీన్ గరిటె చూపించింది.

మధ్యాహ్నం రెండింటికి నిజంగానే ఎగిరింది. వాడిదీ, మాదీ, సగం ఊరిదీ. మేమందరం బడి గదిలో ఉన్నాం. ఊళ్ళో సిమెంటు గోడలున్నది అదొక్కటే. తలుపు గడియ ఊడిపోతే వదినా నేనూ తాడు కట్టి లాగి పట్టుకున్నాం. రెండు గంటలు పట్టుకున్నాం. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగింది, ఎండ కూడా వచ్చింది. తెలియని పిల్లలు బయటికి పరిగెత్తబోతే ముసలివాళ్ళు చొక్కాలు పట్టి లాగారు. తుఫాను నడిమి కన్ను దాటాక గాలి రెండో వైపునుంచి మొదలైంది. వదిన తాడు వదిలిపెట్టలేదు. అరచేతులు ఒరుసుకుపోయి రక్తం కారుతోంది. ఆమె ముఖంలో భయం లేదు. ఏదీ లేదు. బావి దగ్గర తన వంతు కోసం నిలబడిన మనిషిలా ఉంది.

మర్నాడు పెదనాన్న అన్నిటికంటే ముందు అడవిలో మా వాళ్ళ చోటుకు వెళ్ళాడు. వచ్చి ఆశ్చర్యంగా చెప్పాడు. "చుట్టూ చెట్లన్నీ పడ్డాయి. మన దడి లోపల ఒక్క కర్ర కదల్లేదు. పెద్దవాళ్ళు మన మీద చల్లగా ఉన్నారు." అమ్మ చేతులు జోడించింది. నేను వదినవైపు చూశాను. ఇంటి కప్పుల మీంచి ఎగిరిపోయిన రవినాల ఆకుల్లో పనికొచ్చేవి ఏరి కట్ట కడుతోంది.

ఆ ముసలాయన ఏప్రిల్ మూడోవారంలో వచ్చాడు. అప్పటికి జెండాలన్నీ దించేశారు. ఒడ్డు వెంట ఉత్తరంనుంచి నడిచి వచ్చాడు. పేరు బెజారా. వాతుమండ్రి అవతల ఊరు. తలకు పాత టోపీ, భుజాన సంచి, కాళ్ళకు ఏమీ లేవు. జోస్లీన్ పెనం ముందు కూర్చుని రొట్టె కొనుక్కుని, తినకుండా ముందు సంచిలోంచి గుడ్డముక్క తీసి చూపించాడు. నీలం గుడ్డ, పసుపు పిట్టలు.

"మావాడి చొక్కా కుట్టగా మిగిలిన ముక్కమ్మా ఇది. వాళ్ళమ్మ కుట్టింది. ఫ్లోరాన్ అని మావాడి పేరు. జనవరి తుఫానులో రొయ్యల పడవ మీద పోయాడు. ఇలాంటి చొక్కా మీవైపు ఎక్కడైనా కనపడిందా?"

"నేను చూళ్ళేదు తాతా. ఎన్ని ఊళ్ళు తిరిగారు?"

"ఇది నలభై మూడోదో, నాలుగోదో. లెక్క తప్పింది."

వదినా నేనూ నీళ్ళబిందెలతో అటే వస్తున్నాం. ఇద్దరం ఆ గుడ్డ చూశాం. మాట్లాడకుండా పోదాం అని మనసులో అనుకున్నాను. పైకి కూడా అన్నానేమో. వదిన బిందె దింపింది.

"తాతా, మా ఇంటికి రండి. అన్నం తిందురుగాని."

"అన్నమెందుకు తల్లీ, రొట్టె ఉంది."

"రండి."

చాప వేసి, అన్నమూ చేపల పులుసూ పెట్టింది. ఆయన తిని చెయ్యి కడుక్కునేదాకా ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"మీ అబ్బాయి మా దగ్గరే ఉన్నాడు తాతా. మా మావగారి పక్కన పెట్టాం. మా ఆయన పేరు పెట్టి పెట్టాం. చొక్కా ఒంటి మీదే ఉంది."

ముసలాయన తడిచెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని ఉండిపోయాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఫిబ్రవరిలో."

"పెట్టేటప్పుడు ఎవరైనా ఏడ్చారా?"

"ఏడ్చారు. ఊరంతా ఏడ్చింది."

"మంచిది," అని తల ఆడించాడు. "నువ్వో?" అన్నాడు.

"నేను ఏడవలేదు."

దానికీ తల ఆడించాడు. సంచిలో గుడ్డముక్క మడిచి పెట్టుకున్నాడు.

గుమ్మం అవతల కోళ్ళకు నూకలు వేస్తున్న మా అమ్మ అంతా విన్నది. చేట కింద పెట్టి లోపలికి వచ్చింది.

"పరాయివాడని తెలిసే తెచ్చి నా మొగుడి పక్కన పెట్టావా?"

"తెలిసే పెట్టాను అత్తమ్మా."

"మరి నావాడేడే?"

"తెలీదు."

అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. చాలాసేపటికి ముసలాయన వైపు చూసి, "ఈయనకి మంచినీళ్ళిచ్చారా?" అంది.

ఆ రోజే బడి ముందు కూడారు. పెదనాన్నకు అంత కోపం రావడం అంతకుముందెప్పుడూ చూడలేదు. కర్ర నేలకేసి కొడుతూ మాట్లాడాడు.

"నా నోటితో పెద్దవాళ్ళకు అబద్ధం చెప్పించావు. మీ మనవడొచ్చాడని నేను చెప్పాను! సిగ్గనిపించలేదా నీకు?"

"అనిపించలేదు. అప్పుడు నాకేమీ అనిపించలేదు పెదమావయ్యా."

"ఇంకెవరికి తెలుసు ఈ సంగతి?"

"ఎవరికీ తెలియదు."

నేను జనంలో మూడో వరసలో ఉన్నాను. ఆమె నావైపు చూడలేదు. చూసి ఉంటే లేచేదాన్నేమో అని తరవాత చాలాసార్లు అనుకున్నాను. లేవలేదు. కింద ఇసుకలో వేలు పెట్టి గీతలు గీస్తూ కూర్చున్నాను.

తీర్పు చెప్పారు. వదిన పుట్టింటివాళ్ళు తప్పు కింద ఎద్దును ఇచ్చుకోవాలి. ఆమె ఇక ఎన్నడూ మా వాళ్ళ చోటులో కాలు పెట్టకూడదు. శవాన్ని పచ్చిగా కదిలించకూడదు కాబట్టి జూన్, జులైల చలికాలం వెళ్ళేదాకా అక్కడే ఉంచి, సెప్టెంబరులో ఎముకలు బెజారాకు అప్పగించాలి. ముసలాయన ఒప్పుకుని, పెదనాన్న కర్ర ముట్టుకుని దణ్ణం పెట్టి, "మావాణ్ణి అప్పటిదాకా చూసుకోండి," అన్నాడు. వచ్చిన దారినే నడిచి వెళ్ళాడు.

వదిన మర్నాడు పుట్టింటికి వెళ్ళిపోయింది. రెండు చాపలు, ఒక గిన్నె, బట్టలమూట. కాలువ దాకా నేను మోశాను.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్విక్కడ ఉండాల్సినదానివి. నేను వెళ్ళేదాన్ని. ఇద్దరం చెడిపోవడం ఎందుకు?" అంది. ఎండలో ఉన్న సామాను లోపల పెట్టమని చెప్పినట్టు చెప్పింది.

సెప్టెంబరులో బెజారా పదిమంది చుట్టాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వదిన పుట్టింటివాళ్ళు ఎద్దును తోలుకొచ్చారు. వాళ్ళతో వదిన కూడా వచ్చి దడి బయట, దారి పక్కన నిలబడింది. లోపల పెట్టె తెరిచారు. ఎముకల్ని కొత్త చాపలో చుట్టారు. చొక్కా చాలావరకు చివికిపోయింది గానీ, పిట్టలు తెలుస్తూనే ఉన్నాయి. ముసలాయన చాపను రెండు చేతులా ఎత్తుకుని, "తేలిగ్గా ఉన్నాడే," అన్నాడు. వాళ్ళవాళ్ళు పాట ఎత్తుకుని నడిచారు. మా ఊరివాళ్ళు కూడా కొంతదూరం వెంట వెళ్ళారు.

తరవాత అన్నయ్యకు రాయి నిలబెట్టారు. ఛాతీ ఎత్తు రాయి, కొండవైపునుంచి ఎనిమిదిమంది మోసి తెచ్చారు. పెదనాన్న సారా చేతబట్టి మాట్లాడబోతూ ఆగి, అందరినీ ఒకసారి చూశాడు. "ఈసారి నేను చెప్పే మాటలో అబద్ధం ఏదైనా ఉంటే ఎవరైనా ఇప్పుడే చెప్పండి," అన్నాడు.

ఎవరికో చెప్పినట్టు కాదు, అలవాటుగా అన్నాడు. కానీ నా నోరు తెరుచుకుంది.

"మరూఫసికలో నేనూ చూశాను పెదనాన్నా. పళ్ళు చూశాను. అన్నయ్య కాడని నాకూ తెలుసు."

మా ఆయన నావైపు తిరిగాడు. అమ్మ మాత్రం రాయినే చూస్తోంది. పెదనాన్న సారా గిన్నె కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ముసలితనం ఒక్కసారిగా మీద పడ్డట్టు కనిపించాడు.

"అయితే నువ్వూ బయటికి వెళ్ళి నిలబడు," అన్నాడు.

వెళ్ళి వదిన పక్కన నిలబడ్డాను. దడి సందుల్లోంచి లోపలివాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి, మాటలు సరిగ్గా వినపడడం లేదు. అన్నయ్య పేరు రెండుసార్లు వినిపించింది. వదిన నాకోసం కొంచెం పక్కకు జరిగి నీడలో చోటిచ్చింది.

నాకు కూడా తప్పు వేశారు. మా ఆయన కొన్ని నెలలు నా ముఖం చూసి మాట్లాడలేదు, తరవాత మామూలైపోయాడు. అమ్మ ఆ తరవాతి ఏడాది చలికాలంలో జ్వరంతో పోయింది. చివరిదాకా అన్నం తింటూనే ఉంది. వదిన రెండేళ్ళకు నూసివారికలో వడ్రంగి పని చేసే ఒకాయన్ని చేసుకుంది. మంచివాడనే విన్నాను.

మొన్న నవంబరులో నూసివారిక సంతలో కనపడింది. కొంచెం ఒళ్ళు చేసింది. పడవల రేవులో తాడిదుంగ మీద ఇద్దరం కూర్చుని, చెరో పొట్లం వేయించిన వేరుశనక్కాయలు తిన్నాం. ఆ ఏడాది మొదటి తుఫాను ఎక్కడో దూరంగా సముద్రంలో పుట్టిందని, ఇటు రాదని పొద్దున రేడియోలో చెప్పారు. దాని పేరు ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

"ఆ తరవాత ఎప్పుడైనా ఏడ్చావా?" అని అడిగాను.

ఆలోచించింది. "లేదు. మొన్న మేక చచ్చిపోతే ఏడుపొస్తుందేమో అనుకున్నా. రాలేదు. నువ్వో?"

"నేను అప్పుడే ఏడ్చాను కదా, అందరితో పాటు."

"అది కాదు."

"లేదు."

ఆమె తల ఆడించింది. పొట్లం దులిపి కాగితం మడిచి నడుం దగ్గర దోపుకుంది. "మీవైపు లవంగాలు బాగా కాశాయా?" అంది. బాగానే కాశాయన్నాను. పడవవాడు కేకేశాడు. వదిన ఉప్పు బస్తా ఎత్తించుకోవడానికి నావైపు తిరిగితే పట్టి లేపి ఆమె తల మీద పెట్టాను. సర్దుకుని, ఒక చేత్తో పట్టుకుని, ముందు ఎక్కేవాళ్ళందర్నీ ఎక్కనిచ్చి తను ఎక్కింది. చోటు దొరికాక కూర్చుంటూ, "సరే మరి," అంది. సరే అన్నాను. పడవ కదిలింది. నేను చేపల వరసలోకి వెళ్ళి, ఎండుచేపలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను.